భాష మూయలేదు, రేడియో మూశారు

2019 ఆగస్టులో కశ్మీర్ లోయలో ఫోన్లు మూగబోయాయి. ఇంటర్నెట్ లేదు, మొబైల్ లేదు. ఆ నెల మధ్యలో బీబీసీ తన షార్ట్‌వేవ్ (వేల కిలోమీటర్ల దూరం వెళ్లే రేడియో) ప్రసార వేళలు మార్చింది. హిందీ వార్తలు అరగంట పెంచింది, ఇంగ్లీషు ప్రసారాన్ని గంట పొడిగించింది, ఉర్దూలో ‘నీమ్‌రోజ్’ అని రోజూ పావుగంట కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. తీగలూ టవర్లూ పనిచెయ్యని చోటికి చేరే దారి అదొక్కటే అని ఆ సంస్థే ఒప్పుకున్నట్టు.

ఐదు నెలలు తిరిగేసరికి, 2020 జనవరి 31న, అదే బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాన్ని పూర్తిగా ఆపేసింది. 1940 మే 11న మొదలై దాదాపు ఎనభై ఏళ్లు నడిచిన ప్రసారం అది.

రెండూ ఒకే సంస్థ నిర్ణయాలు. రెండోసారి సంతకం పెట్టినవాళ్లు మొదటిదాన్ని మర్చిపోయారని నేను అనుకోను. మొదటిది అవసరాన్ని చూసి తీసుకున్నది, రెండోది పద్దుల్ని చూసి తీసుకున్నది. ఆ రెండు లెక్కలూ ఎందుకు కలవవో తెలియాలంటే, పరాయి దేశానికి పరాయి భాషలో చేసే రేడియోకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో, దాని వేళలు ఎవరు ఎలా వేస్తారో చూడాలి.

మామూలుగా ఏ సరుకైనా వాడుకునేవాడే డబ్బు కడతాడు. ఇక్కడ కట్టేవాడు వినడు, వినేవాడు కట్టడు. బీహార్‌లో పొలం గట్టున కూర్చుని లండన్ వార్తలు విన్న రైతు ఒక్క పైసా ఇవ్వలేదు. ఇచ్చింది బ్రిటన్‌లో టీవీ ఉన్న కుటుంబం, లేదా అక్కడి ప్రభుత్వ ఖజానా. ఆ కుటుంబానికి హిందీ ముక్క రాదు. రైతుకి ఆ దేశంలో ఓటు లేదు. ఖర్చు తగ్గించమని అడిగేవాళ్లు ఎంపీ ఇంటి ముందే ఉంటారు. ఆపొద్దని అడిగేవాళ్లు ఏడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటారు.

మరి అసలు ఎందుకు ఇచ్చారు? యుద్ధం కోసం. బీబీసీ తొలి విదేశీ భాష అరబిక్, 1938 జనవరి 3న మొదలైంది. ముస్సోలినీ ఇటలీ బారి పట్టణం నుంచి అరబిక్‌లో బ్రిటన్ మీద దుమ్మెత్తిపోస్తోంది కాబట్టి. మన ఆకాశవాణి తొలి విదేశీ ప్రసారం 1939 అక్టోబరు 1న, పష్తోలో. అఫ్గానిస్తాన్‌లో జర్మనీ ప్రచారానికి జవాబుగా బ్రిటిష్ ప్రభుత్వం పెట్టించినది. వాయిస్ ఆఫ్ అమెరికా 1942 ఫిబ్రవరిలో జర్మన్ భాషలో గొంతు విప్పింది. ఏ భాష ఏ ఏడాది మొదలైందో వరసగా రాసుకుంటే, ఆనాటి శత్రువుల పట్టీ తయారవుతుంది.

ఆ లెక్క తర్వాత కూడా మారలేదు. 2005 అక్టోబరులో బీబీసీ ఒకేసారి పది భాషల్ని మూసేస్తున్నట్టు చెప్పింది. పోలిష్, చెక్, హంగేరియన్, బల్గేరియన్, స్లోవాక్, స్లోవేన్, క్రొయేషియన్, గ్రీకు, కజఖ్, థాయ్. వాటిలో ఎక్కువ భాగం తూర్పు యూరప్ భాషలు. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసింది, ఆ దేశాల్లో చాలావరకు అప్పటికే యూరోపియన్ యూనియన్‌లో చేరిపోయాయి, కాబట్టి ఆ భాషలతో పని అయిపోయిందన్నారు. మిగిలిన డబ్బుతో 2008లో అరబిక్ టీవీ, 2009లో పర్షియన్ టీవీ వచ్చాయి. ఆనాటికి లండన్ చూపంతా ఇరాక్ మీద, ఇరాన్ మీద ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. డబ్బు ప్రభుత్వానిదే అయినా ఏ వార్త చెప్పాలో ప్రభుత్వం చెప్పే పద్ధతి బీబీసీలో లేదు. ప్రభుత్వం చేతిలో ఉన్నది మరొకటి: కొత్త భాష తెరవాలన్నా, ఉన్న భాష మూయాలన్నా విదేశాంగ మంత్రి ఒప్పుకోవాలి. ఈ ఒక్క నిబంధన గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ప్రకటనల డబ్బుతో నడిచిన దారి కూడా మనం చూసిందే. 1952లో సమాచార మంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలు వద్దన్నాక శ్రోతలంతా సిలోన్‌కి మళ్లారు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం పెట్టిన ట్రాన్స్‌మిటర్ కొలంబో దగ్గర ఎకలలో ఉంది, టూత్‌పేస్టు కంపెనీ డబ్బుతో అదే ట్రాన్స్‌మిటర్ మీద బుధవారం సాయంత్రం బినాకా గీత్‌మాలా వచ్చింది. తెలుగు పాటలూ అక్కణ్ణుంచే వచ్చాయి. మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తున్నవాళ్లు తెలుగునేల మీద ఇంకా చాలామందే ఉన్నారు. పొరుగు దేశపు ప్రభుత్వ రేడియో మన భాషలో మన పాటలు మనకే వినిపించి డబ్బు చేసుకుంది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది దానికి పోటీగానే. కానీ ప్రకటనదారుడు పాట పక్కన నిలబడతాడు, కల్లోల ప్రాంతపు వార్త పక్కన నిలబడడు. అందుకే వార్తల రేడియోకి ఆ దారి ఎన్నడూ సరిగ్గా కుదరలేదు. ఇక మిగిలింది విరాళాల మీద నడిచే క్రైస్తవ సంస్థలు. వాళ్లు షార్ట్‌వేవ్ గంటలు కొనుక్కుని తెలుగులో కూడా ప్రసారాలు చేశారు. వాళ్ల లెక్క వేరు.

ఇప్పుడు వేళల సంగతి. దీన్ని నేను మా నాన్న రేడియో వెనక నేర్చుకున్నాను. ఆ రేడియో వెనక అట్టకి ఒక కాగితం అంటించి ఉండేది. దాని మీద పెన్సిల్‌తో మీటర్ బ్యాండ్లు: 19, 25, 31, 41. పక్కన టైములు. ఏడాదికి రెండుసార్లు నాన్న రబ్బరుతో చెరిపి మళ్లీ రాసేవాడు. అలా చెరిపీ చెరిపీ కాగితం నడిమధ్య పలచబడి అట్ట కనిపించేది. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మరణవార్త ఆకాశవాణి చెప్పడానికి గంటల ముందే బీబీసీ చెప్పింది. ఆ రోజు మా వీధిలో సగంమంది ఆ కాగితం చుట్టూ గుమిగూడారు.

ఏడాదికి రెండుసార్లు ఎందుకు? షార్ట్‌వేవ్ తరంగం పైకి వెళ్లి, భూమి చుట్టూ ఉన్న అయనోస్ఫియర్‌ని తాకి, వంగి కిందికి వస్తుంది. ఆ పొరని తయారుచేసేది సూర్యుడు. పగలు పెద్ద ఫ్రీక్వెన్సీలు బాగా వెళతాయి, రాత్రి చిన్నవి. ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా. పదకొండేళ్లకోసారి సూర్యుడి మచ్చల చక్రం ఇంకోలా. అందుకే ప్రపంచంలో ప్రసార సంస్థలన్నీ ఏడాదికి రెండుసార్లు ఒకచోట కలిసి, ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో ఏ గంటకి ఏ దిక్కుకి ప్రసారం చేస్తారో సర్దుకుంటాయి. మార్చి చివరి ఆదివారం మొదలయ్యేది ‘ఏ’ సీజన్, అక్టోబరు చివరి ఆదివారం మొదలయ్యేది ‘బీ’ సీజన్. నాన్న చేతిలో రబ్బరు కదిలింది ఆ రెండు ఆదివారాల లెక్క మీదే. రెండు సంస్థలు ఒకే గంటలో ఒకే ఫ్రీక్వెన్సీ పట్టుకుంటే రెండూ వినపడవు. కాబట్టి వేళల పట్టిక వెయ్యడం కూడా ఒక దౌత్యమే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. రష్యా దాడి మొదలయ్యాక, 2022 మార్చిలో ఉక్రెయిన్‌కీ రష్యాలో కొన్ని ప్రాంతాలకీ బీబీసీ రోజుకి నాలుగు గంటల ఇంగ్లీషు వార్తలు షార్ట్‌వేవ్‌లో పెట్టింది. ఉక్రెయిన్ టైము ప్రకారం సాయంత్రం 4 నుంచి 6 దాకా 15735 కిలోహెర్ట్జ్, రాత్రి 10 నుంచి 12 దాకా 5875 కిలోహెర్ట్జ్. వెలుతురున్నప్పుడు పెద్ద అంకె, చీకటి పడ్డాక చిన్న అంకె. ఆ గంటల ఎంపిక కూడా చూడండి. ఒకటి సాయంత్రం, ఇంకొకటి పడుకోబోయే ముందు. బీబీసీ హిందీ ‘దిన్‌భర్’ రాత్రి ఏడున్నరకి ఉండటంలోనూ అదే ఆలోచన ఉంది. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నానికి కూర్చునే వేళ. ఆ అరగంట అటూ ఇటూ జరిగితే శ్రోతలు జారిపోతారు. కానీ ఆకాశం బాగున్న గంట, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉన్న గంట, ట్రాన్స్‌మిటర్ అద్దెకి దొరికే గంట, శ్రోత తీరిగ్గా ఉన్న గంట, ఈ నాలుగూ ఒకచోట కలవాలి.

అద్దె అన్నాను కదా. బీబీసీ తన ట్రాన్స్‌మిటర్లని 1997లోనే ప్రైవేటుకి ఇచ్చేసింది. అప్పట్నుంచి గంటల లెక్కన కొనుక్కుంటోంది. 250 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఒక గంట నడిస్తే గాలిలోకి వెళ్లే శక్తే 250 యూనిట్లు. నష్టాలన్నీ కలిపితే మీటరు దానికన్నా చాలా ఎక్కువ తిరుగుతుంది. ఏసీ లేని మామూలు ఇంట్లో నెలంతా వాడే కరెంటు ఒక్క గంటలో అయిపోతుంది. ఒకే వార్తని రెండు ఫ్రీక్వెన్సీల్లో పంపితే అది రెండింతలు. వెబ్‌సైటులో వ్యాసం పెట్టడానికి ఈ ఖర్చు లేదు. లెక్కలు చూసే మనిషి కన్ను ముందు ఈ పద్దు మీదే పడుతుంది. అది తప్పని నేను అనను.

తప్పు వేరే చోట ఉంది. ఆ పద్దు పక్కన రాసే రెండో అంకె, అంటే శ్రోతల సంఖ్య, సర్వేల్లోంచి వస్తుంది. గడిచిన వారంలో విన్నారా అని అడుగుతారు. ప్రశాంతంగా ఉన్న వారంలో అడిగితే చాలామంది ‘లేదు’ అంటారు, నిజమే చెబుతారు. ఫోన్లు పోయిన వారంలో సర్వే చేసే మనిషి ఆ ఊరికి వెళ్లలేడు. రేడియోతో అవసరం పడే రోజు లెక్కలోకి రాదు, అవసరం లేని రోజే లెక్కకెక్కుతుంది.

పైగా శ్రోతలు తగ్గడానికి అన్నిసార్లూ శ్రోతలే కారణం కాదు. నేపాల్‌లో బీబీసీ నేపాలీ వార్తలు స్థానిక ఎఫ్ఎం స్టేషన్లలో వస్తాయి, గరగర లేకుండా. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎంలో సొంత వార్తలు చదవడానికి అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్ వినిపించుకోవచ్చు, అంతే. కాబట్టి బీబీసీ హిందీకి రేడియోలో షార్ట్‌వేవ్ తప్ప గతి లేకపోయింది. ఊళ్లలోకి సెల్‌ఫోన్ ఎఫ్ఎం వచ్చింది, షార్ట్‌వేవ్ ఉన్న రేడియో సెట్లు దుకాణాల్లోంచి మాయమయ్యాయి. తలుపు ఒకరు మూశారు, రాలేదన్న నింద శ్రోత మీద పడింది. శ్రీలంకలో ఇంకోలా జరిగింది. 2013లో అక్కడి ప్రభుత్వ ఎఫ్ఎంలో బీబీసీ తమిళ వార్తలకి అడ్డు తగులుతున్నారని బీబీసీయే తన రిలేని ఆపుకుంది. ఎఫ్ఎం గొంతు స్పష్టంగా ఉంటుంది కానీ దాని స్విచ్చి స్థానిక ప్రభుత్వం చేతికి అందేంత దూరంలో ఉంటుంది. షార్ట్‌వేవ్ గరగరలాడుతుంది కానీ స్విచ్చి దేశం బయట ఉంటుంది. ఈ తేడా ఏ సర్వే కాగితంలోనూ కనపడదు.

డబ్బు దారి మారిన ఏడాది 2010. అప్పటిదాకా బీబీసీ విదేశీ ప్రసారాల విభాగమైన వరల్డ్ సర్వీస్‌కి విదేశాంగ శాఖ నేరుగా గ్రాంటు ఇచ్చేది. అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వం ఆ గ్రాంటుని 16 శాతం తగ్గించి, 2014 ఏప్రిల్ నుంచి ఆ ఖర్చంతా టీవీ ఉన్న ఇళ్లు కట్టే లైసెన్స్ ఫీజు మీదే పడుతుందని చెప్పింది. 2011 జనవరిలో కోతలు వచ్చాయి. ఐదు భాషా విభాగాలు మూత, 650 ఉద్యోగాలు పోతాయన్నారు, హిందీ షార్ట్‌వేవ్ మార్చికల్లా ఆపేస్తామన్నారు. అప్పటికి దానికి కోటిమంది దాకా శ్రోతలున్నారు. బీబీసీ పాత విలేఖరి మార్క్ టలీ, రచయితలు విక్రమ్ సేథ్, అరుంధతీ రాయ్ లాంటివాళ్లు బ్రిటన్ పత్రికకి ఉమ్మడిగా ఉత్తరం రాశారు. సాయంత్రం ఒక్క గంట మిగిలింది, అదీ వేరే డబ్బు దొరుకుతుందేమో చూద్దామన్న షరతుతో. అలా బొటాబొటీగా మిగిలిన ఆ గంటే ఎనిమిదేళ్ల తర్వాత కశ్మీర్‌కి పనికొచ్చింది. ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే 2019లో పెంచడానికి అరగంట కాదు కదా, పెంచే పునాదే ఉండేది కాదు.

తర్వాత గాలి మళ్లీ తిరిగింది. 2015 నవంబరులో ప్రభుత్వం వరల్డ్ సర్వీస్‌కి కొన్నేళ్లకి కలిపి 28.9 కోట్ల పౌండ్లు ఇస్తానంది. రష్యా, చైనా ప్రసారాల మీద పెరిగిన టెన్షన్ దానికి ఒక కారణం. ఆ డబ్బుతో 12 కొత్త భాషలు తెరిచారు. అందులో తెలుగు ఒకటి. 2017 అక్టోబరు 2న గుజరాతీ, మరాఠీ, పంజాబీలతో పాటు బీబీసీ తెలుగు మొదలైంది. మన భాషకి లండన్‌లో చోటు దొరకడం నాకు సంతోషమే. అయితే తెలుగుకి షార్ట్‌వేవ్ ఇవ్వలేదు. వెబ్‌సైటూ వీడియోలూ, అంతే. 2017లో తెలుగు షార్ట్‌వేవ్ కావాలని అడిగినవాళ్లు కూడా లేరు, నిజమే. ఫోన్ ఉన్న చోట అది సరిపోతుంది. ఆ ఇంటర్నెట్ దారికి కూడా ఢిల్లీ గేటు ఉందని తర్వాత తేలింది. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదన్న నిబంధన వల్ల, 2024 ఏప్రిల్ నుంచి తెలుగు సహా ఆరు భారతీయ భాషల బీబీసీ వార్తల్ని కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ సంస్థ తయారుచేస్తోంది.

ఇక ఇందాక గుర్తుపెట్టుకోమన్న నిబంధన. 2022 జనవరిలో లైసెన్స్ ఫీజుని రెండేళ్లు 159 పౌండ్ల దగ్గరే ఆపేశారు. ధరలు పెరుగుతున్నాయి, రాబడి పెరగదు. సెప్టెంబరులో వరల్డ్ సర్వీస్ 2.85 కోట్ల పౌండ్లు మిగల్చాలంది, 382 ఉద్యోగాలు తీసేస్తామంది. పది భాషల్లో రేడియో ఆపేస్తామంది: అరబిక్, పర్షియన్, హిందీ (షార్ట్‌వేవ్ పోయాక మిగిలిన కార్యక్రమాలు), బెంగాలీ, ఉర్దూ, తమిళం, చైనీస్, ఇండోనేషియన్, ఉజ్బెక్, కిర్గిజ్. అదే ప్రకటనలో, ఒక్క భాషా సర్వీసు కూడా మూయడం లేదని కూడా చెప్పింది. మాట నిజమే. వెబ్‌సైటు ఉంది, వీడియోలున్నాయి. కాగితం మీద భాష బతికే ఉంది. మూతపడింది రేడియో ఒక్కటే. నిబంధన భాష గురించి మాట్లాడుతుంది, ఆ భాష ఏ దారిలో చేరుతుందన్న దాని గురించి మాట్లాడదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా పెద్ద రంధ్రం ఇదే. ఇంటర్నెట్ లేని మనిషికి వెబ్‌సైటులో ఉన్న తన భాష మూసిన భాషే.

తేదీలు వరసగా చూడండి. 2022 డిసెంబరు 31న బెంగాలీ రేడియో ఆగింది, బంగ్లాదేశ్ పుట్టిన 1971లో జనం చెవి ఆనించి విన్న రేడియో. 2023 జనవరి 27న అరబిక్ రేడియో ఆగింది, 85 ఏళ్ల తర్వాత. ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైంది. మే నెలలో బీబీసీ సూడాన్ కోసం అరబిక్‌లో రోజుకి రెండుసార్లు షార్ట్‌వేవ్ అత్యవసర ప్రసారం తెరిచింది. నవంబరులో గాజా కోసం మీడియం వేవ్‌లో ఇంకొకటి. మూసిన మూడు నెలలకే మళ్లీ అదే భాష, అదే రేడియో. ఈలోపు లెబనాన్‌లో బీబీసీ అరబిక్ వదిలేసిన ఫ్రీక్వెన్సీలోకి రష్యా రేడియో వచ్చి కూర్చుంది. 2024 అక్టోబరులో అప్పటి బీబీసీ అధిపతి టిమ్ డేవీ ఈ సంగతి తానే బయట చెప్పాడు.

ఖాళీ చేసిన ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉండదు. ఆస్ట్రేలియాకి ఇది ముందే అనుభవమైంది. 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ ఆపేశారు. మిగిలేది ఏడాదికి 19 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు అన్నారు. పసిఫిక్ దీవుల్లో గొడవైంది. రెండేళ్ల కిందటే పామ్ తుపాను వనువాటుని ఛిన్నాభిన్నం చేసింది, టవర్లు కూలిన దీవికి కబురు దూరం నుంచే రావాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఆ నాలుగైదు రోజులు గడిపినవాళ్లకి ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాదికి చైనా అంతర్జాతీయ రేడియో ఆ పాత ఫ్రీక్వెన్సీల్లో కొన్నింట్లో వినపడటం మొదలైంది. పక్కనున్న న్యూజిలాండ్ మాత్రం 2022లో 44 లక్షల న్యూజిలాండ్ డాలర్లు కేటాయించి కొత్త షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ కొనాలని నిర్ణయించింది.

అమెరికాది వేరే కథ, అక్కడ మెల్లగా కొయ్యలేదు. 2025 మార్చి 14న అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. మర్నాడే వాయిస్ ఆఫ్ అమెరికా ఉద్యోగుల్ని దాదాపు అందర్నీ సెలవు మీద ఇంటికి పంపేశారు. 1942 నుంచి ఆగని గొంతు ఆగింది. జూన్‌లో ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి చెయ్యగానే పర్షియన్ విభాగం వాళ్లకి ఫోన్లు వెళ్లాయి, వెంటనే పనిలోకి రమ్మని. సూడాన్‌లో జరిగిందే మళ్లీ జరిగింది.

పిలిస్తే మనుషులు రావచ్చు. ట్రాన్స్‌మిటర్ తుప్పు పట్టకుండా ఉండి ఉంటే అదీ పలకవచ్చు. శ్రోత అలవాటు అలా తిరిగిరాదు. ఏడున్నర గంట అనే అలవాటు ఒక ఇంట్లో పడటానికి ఏళ్లు పడుతుంది. అది తెగాక, సెట్టు బ్యాటరీలు కారిపోయి అటక ఎక్కాక, ఫలానా మీటర్లో మళ్లీ మొదలుపెట్టాం అని చెప్పడానికి కూడా ఆ మనిషి దగ్గరికి దారి ఉండదు. ఆ కబురు మోసుకెళ్లాల్సిన రేడియోనే మూసేశారు కదా.

అందుకే నేను కోరేది పెద్దదేం కాదు. పాత రోజుల్లోలా రోజుకి నాలుగు విడతలు, పది భాషల్లో గంటలకొద్దీ ప్రసారం ఇప్పుడు అనవసరం. ఒక భాషలో రోజుకి ఒక్క అరగంట, ఎప్పుడూ అదే టైముకి, సీజన్ మారినా శ్రోత వెతుక్కోగలిగే ఒక ఫ్రీక్వెన్సీలో, శ్రోతలు ఎంతమందైనా సరే నడవాలి. ఆ అరగంటని వారం వారం శ్రోతల సంఖ్యతో తూచడం మానెయ్యాలి. ఊళ్లో నిప్పు అంటుకోలేదని ఫైరింజన్‌ని ఎవరూ అమ్మెయ్యరు. విదేశాంగ మంత్రి ఒప్పుకోలు అవసరమైన ఆ నిబంధనలో ‘భాష’ పక్కన ‘రేడియో’ అన్న మాట కూడా చేర్చాలి.

బీబీసీ ప్రస్తుత చార్టర్, అంటే ఆ సంస్థని నడిపే అధికార పత్రం, 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. గ్రాంటు ఎంత, లైసెన్స్ ఫీజు ఎంత, ఏ భాషకి ఏ దారి అన్నవి తేలాల్సింది ఆలోపే. తెలుగు కూడా ఆ పద్దుల్లో ఒక వరస. 2011లో హిందీకి ఒక గంట మిగిల్చింది ఒక ఉత్తరం.